ఎడమ కాలి చప్పుడు

ఆ యేడు వానలు మొదలయ్యేనాటికి నా ఎడమ కాలి కట్టు విప్పి నాలుగు రోజులైంది. ఎముక అతికింది, ఇక నడవమన్నాడు డాక్టరు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు కూడా. ఎముకైతే అతికింది గానీ చప్పుడు అతకలేదని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

నా పని అడుగుల చప్పుళ్ళు చేయడం. సినిమాలో హీరో మెట్లు దిగుతుంటే మీకు వినిపించే బూట్ల చప్పుడు హీరోది కాదు, నాది. షూటింగులో పట్టిన శబ్దంలో జనరేటరు రొదా, అసిస్టెంట్ల కేకలూ, ఎక్కడివో కుక్కల అరుపులూ ఉంటాయి. అదంతా తీసేశాక స్టూడియోలో తెర మీది బొమ్మను చూస్తూ మైకు ముందు నేను నడుస్తాను. ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్నాను. పోలీసుల్లా నడిచాను, దొంగల్లా నడిచాను, ఎత్తు మడమల చెప్పులేసుకుని హీరోయిన్‌లా కూడా నడిచాను. మా ఆవిడ పుట్టింటివాళ్ళకు మాత్రం నేను "సినిమాల్లో ఉన్నాను". మా అత్తగారు అంతకు మించి ఎవరికీ చెప్పలేదు. "అల్లుడేం చేస్తాడని అడిగితే, నడుస్తాడని చెప్పనా" అని ఆవిడ ఒకసారి పక్క గదిలో మా ఆవిడతో అనడం విన్నాను. అత్తగారికి వినపడదు కాబట్టి కాస్త గట్టిగానే అంటుంది. నాకు అవసరానికి మించి వినపడుతుంది.

అలాంటివాణ్ణి, హాల్లో బల్బు మారుద్దామని స్టూలెక్కి కింద పడ్డాను.

కట్టు విప్పాక మొదటి అడుగులోనే నాకు విషయం అర్థమైంది. కుడి కాలు టక్‌మని పడింది. ఎడమ కాలు కాస్త ఈడ్చి, ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడు పడింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఎన్నో సినిమాల్లో దెబ్బతిన్న రౌడీలకు ఆ చప్పుడు నేనే ఇచ్చాను. ఇప్పుడది సొంత ఇంట్లో, సొంత చెప్పుల్లోంచి వస్తోంది. కుంటుతున్నానా అని చెవులు రిక్కించి వినేవాణ్ణి. వినేకొద్దీ కుంటేవాణ్ణి. కుంటేకొద్దీ ఇంకా బాగా వినిపించేది.

ఇంట్లో వాళ్ళు ఊరుకుంటారా? తలా ఒక మాట.

మా ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. సాయంత్రం రాగానే చేతిసంచీ కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి నా నడక చూసేది.

"పదికి నాలుగున్నర" అంది మొదటి రోజు.

"ఆ అర మార్కు దేనికి?"

"ప్రయత్నానికి."

వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియోథెరపీ కుర్రాడు వచ్చేవాడు. అతనికి వచ్చిన మాట ఒక్కటే, సూపర్. గోడ పట్టుకుని నిలబడితే "సూపర్ సార్". గోడ వదిలితే "సూపర్ సార్". చెయ్యి జారి సోఫాలో కూలబడితే, ఒక్క క్షణం తడబడి, "సూపర్ సార్, కూర్చోవడం కూడా ఎక్సర్‌సైజే" అన్నాడు. మూడో రోజుకి ఆ మాట నీళ్ళు కలిసిన కాఫీలా అయిపోయింది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అది తన ఫోన్లో ఏదో యాప్ పెట్టి నా చొక్కా జేబులో పడేసింది. నేను నడుస్తుంటే లోపల్నుంచి ఒక మహిళ ఎంతో మర్యాదగా చెప్పేది: "మీ ఎడమ అడుగు ఆలస్యంగా పడుతోంది. దయచేసి సరిచేసుకోండి." ఒక పొద్దున జేబులో ఆవిణ్ణి మర్చిపోయి బాత్‌రూముకి వెళ్ళాను. తలుపు గడియ పెట్టీ పెట్టగానే ఆవిడ మొదలుపెట్టింది.

"లోపలెవరండీ ఆవిడ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఇంత వినోదం మధ్య స్టూడియో నుంచి సౌండ్ ఇంజనీరు ఫోన్ చేశాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. మాటలు ఆచితూచి వాడే మనిషి. "ఏమయ్యా, ముసలావిడ సినిమా ఒకటొచ్చింది. మొదట్నుంచి చివరిదాకా నడకే. నెలాఖరుకి ఇచ్చెయ్యాలి. నువ్వు రాలేకపోతే కంప్యూటర్లో ఉన్న అడుగులు పెట్టేస్తామంటున్నారు."

కంప్యూటర్లో ఉన్న అడుగులు ఎవరివనుకున్నారు? అయిదేళ్ళ కింద నన్ను వారం రోజులు నడిపించి దాచుకున్నవి. నా కాళ్ళే నా కడుపు మీద కొట్టబోతున్నాయి.

నా మొహం చూసి మా అమ్మాయికి జాలేసినట్టుంది. ఆదివారం నా పాత మైకొకటి తీసి ఎడమ చెప్పుకి టేపుతో అంటించింది. తీగ కంప్యూటర్‌కి కలిపి, హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. "నీ చప్పుడు నేను మార్చి వినిపిస్తా నాన్నా, నడువు" అంది. అడుగేశాను. లావు చప్పుడంతా తీసేసి సన్నటిది మిగిల్చింది కాబోలు, గాజుగ్లాసును చెంచాతో తట్టినట్టు వినిపించింది. నమ్మరు గానీ, పది కిలోలు తగ్గినట్టయింది. కాలు దానంతటదే లేచింది. కర్ర లేకుండా హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు ఎనిమిదడుగులు వేశాను. పదేళ్ళ కింద మర్చిపోయిన పాటొకటి కూనిరాగం తీశానట కూడా.

అంతటితో ఊరుకుంటే మా అమ్మాయి ఎందుకవుతుంది? మీటలు అటు తిప్పింది. ఈసారి అడుగేస్తే గోదాములో సిమెంటు బస్తా పడేసినట్టు వినిపించింది. మరో అడుగు, మరో బస్తా. నాలుగడుగులకే ఒళ్ళంతా సీసం పోసినట్టయి కూర్చుండిపోయాను. ఆ సమయానికి మా ఆవిడ వచ్చి "కాఫీ పెట్టనా" అంది.

"ఎందుకులే. ఇప్పటికే మీ అందరికీ బరువైపోయాను" అన్నాను.

"ఎవరన్నారు?"

"నా చెప్పులు."

మా ఆవిడ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి కంప్యూటర్ కట్టేసి చదువుకోవడానికి వెళ్ళిపోయింది. చెవికి సన్నగా వినిపిస్తే కాలు తేలికగా లేస్తుందని తెలిసింది, మంచిదే. కానీ నా చెవుల్లో ఏం వినిపించినా స్టూడియో మైకు మాత్రం ఉన్నదున్నట్టు వింటుంది. దాని చెవులు మూయలేం.

ఆ సోమవారమే అత్తగారు దిగింది. ఒక సూట్‌కేసు, సొంత దిండు. బళ్ళో పరీక్షలు, నాకు తోడుండాలని మా ఆవిడే రమ్మంది. ఆవిడకు చెవుడని ఊరంతటికీ తెలుసు, ఆవిడకు తప్ప. "ఈ రోజుల్లో మనుషులు మాటలు నోట్లోనే నమిలేస్తున్నారు" అనేది. చెవి మిషను పెట్టుకోమని మా ఆవిడ ఆరేళ్ళుగా బతిమాలుతోంది. ముసలివాళ్ళు పెట్టుకునేవవి అని ఆవిడ అభిప్రాయం. ఆవిడకు అరవై ఆరు.

వచ్చిన మర్నాటి నుంచే నా మోచెయ్యి పట్టుకుని కారిడార్లో నడిపించడం మొదలుపెట్టింది. మాది మూడో అంతస్తు. అటు చివర లిఫ్టు, ఇటు చివర కిటికీ, మధ్యలో ఇరవై ఎనిమిది గచ్చుపలకలు. బయట వాన.

"అత్తయ్యా, నొప్పిగా ఉంది" అన్నాను సగం దూరంలో.

"టోపీ ఎందుకు, మనం నడిచేది లోపలేగా."

"కాసేపు ఆగుదామా?"

"తాగడం ఇంటికెళ్ళాక. పదండి."

అలా లాక్కుపోయేది. దారి పొడుగునా ఎవరి పెళ్ళిలో ఎవరలిగారో, ఏ పక్కింటావిడ ఏ గిన్నె తీసుకెళ్ళి ఇవ్వలేదో చెప్పేది. నా నడక మీద ఒక్క మాట అనేది కాదు. మార్కుల్లేవు, సూపర్లు లేవు. వారం తిరిగేసరికి రోజుకి పన్నెండుసార్లు అటూ ఇటూ నడుస్తున్నాను. అయినా నా చెవి మాత్రం ఎడమ కాలి మీదే.

ఒక సాయంత్రం వాన ఆగింది. కరెంటు పోయి అన్ని ఇళ్ళ టీవీలూ నోరు మూశాయి. కారిడార్లో మేమిద్దరమే నడుస్తున్నాం. అప్పుడు నాకొక సంగతి వినిపించింది. ఇద్దరు మనుషులు నడుస్తుంటే నాలుగు కాళ్ళ చప్పుడు వినిపించాలి. ఇక్కడ రెండే వినిపిస్తున్నాయి. నా కుడి కాలు పడినప్పుడే ఆవిడ కుడి కాలు. నా ఎడమ కాలు ఆలస్యం చేస్తే ఆవిడదీ అంతే ఆలస్యం. పరీక్షిద్దామని అడుగు మధ్యలో ఆపాను. ఆవిడ కాలూ గాల్లో ఆగింది. రెండడుగులు గబగబా వేశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా ఆవిడా వేసింది.

"ఏంటి, ఆటలాడుతున్నారా?" అంది.

"నా కాళ్ళే చూస్తూ నడుస్తున్నారా అత్తయ్యా?" అని చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"చూడకపోతే నాకెట్లా తెలుస్తుంది నాయనా? ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో, ఎవరు కోపంగా ఉన్నారో, అన్నీ కాళ్ళు చూసేగా తెలుసుకునేది." అని, ఏదో ఎక్కువ చెప్పేసినట్టు ఆగి, "ఈ కరెంటు ఎప్పుడొస్తుందో" అంది.

నేను మళ్ళీ అడుగేశాను. ఆవిడా వేసింది.

నెలాఖరుకి పన్నెండు రోజులుందనగా స్టూడియోకి వెళ్ళాను. వర్షంలో ఒక్కణ్ణీ పంపనంటూ గొడుగు పట్టుకుని అత్తగారు కూడా వచ్చింది. నేను పనిచేసే గది చూసి ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. ఒక మూల ఇసుక తొట్టి, పక్కన గులకరాళ్ళ తొట్టి, నాలుగు చెక్క మెట్లు, ఒక నాపరాయి, గోడ వారన నూటపాతిక జతల చెప్పులు. "ఇదంతా సినిమాయేనా? పాత సామాన్ల కొట్టులా ఉంది" అంది.

మొదటి సీను: ఒక ముసలావిడ చేతిలో ఫైలుతో ఏదో ఆఫీసు మెట్లు మూడంతస్తులు ఎక్కుతుంది. లిఫ్టు పనిచేయదు. అంతే సీను.

నడిచాను. అద్దం వెనక నుంచి స్పీకర్లో ఇంజనీరు గొంతు: "ఊఁ."

ఆయన భాష గురించి చెప్పాలి. "ఊఁ" అంటే బాగాలేదు. "మళ్ళీ" అంటే అస్సలు బాగాలేదు. "సరే" అంటే అద్భుతం. ఇరవై రెండేళ్ళలో నాకు "సరే" నాలుగుసార్లు దక్కింది. తారీఖులు కూడా చెప్పగలను.

ఒక్కొక్క "ఊఁ"కీ నా ఎడమ కాలు ఒక్కో శేరు బరువెక్కింది. ఏడోసారికి చెమటలు పట్టాయి. "ఇంకోసారి చూద్దామా, లేకపోతే..." అన్నాడాయన. ఆ "లేకపోతే" వెనకాల కంప్యూటర్ ఉంది.

మూల కుర్చీలో గొడుగు ఒళ్ళో పెట్టుకుని తెర చూస్తున్న అత్తగారు అప్పుడు లేచింది.

"ఆవిడ మీరు నడిచినట్టు నడవట్లేదు అల్లుడుగారూ. ఆవిడకి కుడి మోకాలు నొప్పి. పై మెట్టు మీద ముందు ఎడమ కాలు పెడుతోంది, చూడండి. మలుపు దగ్గర ఆగుతుంది, ఆయాసంతో కాదు, పైనుంచి ఎవరో వస్తున్నారని."

చూశాను. నిజమే. ఏడుసార్లు ఆ సీను నడిచి కూడా నేను ఆ ముసలావిణ్ణి చూడలేదు. నా కాలు వింటూ కూర్చున్నాను.

చెప్పుల కుప్పలోంచి అరిగిన రబ్బరు చెప్పుల జత ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టాను. ఎందుకో ఆవిడ అడగలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని చెక్క మెట్ల దగ్గర నిలబడింది. నేను చెయ్యెత్తి దించాను. తెర మీద ముసలావిడ కదిలింది, ఈవిడ కదిలింది. మూడంతస్తులు, రెండు మలుపులు, ఒక ఆగడం.

"సరే" అంది స్పీకరు.

"ఏమన్నాడు?" అంది అత్తగారు.

"సరే అన్నాడు" అని అరిచాను.

"ఇంత నడిస్తే రెండక్షరాలా?"

సంతోషించానంటే అబద్ధం. ఆటోలో ఇంటికొస్తుంటే ఆవిడ ఏవో చెబుతూనే ఉంది, నేను వర్షం చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళకు నాలుగు, ఒక్క పూటకు ఒకటి. లెక్కల టీచరు మొగుణ్ణి, ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు.

మర్నాటి నుంచి ఆవిడ నడిచేది. నేను కూర్చుని చేసే చప్పుళ్ళు చేసేవాణ్ణి, కాగితాలు తిప్పడం, తలుపులు తీయడం, టీ కప్పులు పెట్టడం. సాయంత్రాలు ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేది: "సినిమాల్లో ఉన్నానే. అల్లుడు కాదు, నేను. ఏం చేస్తానా? నడుస్తాను." కింది అంతస్తుల వాళ్ళకు కూడా ఆ సమాచారం అందేది.

అయిదో రోజు భోజనాల దగ్గర ఆవిడ నా మీద ఫిర్యాదు పెట్టింది. "ఆ ఇంజనీరు ఇవాళ నన్ను చూపిస్తూ రెండు నిమిషాలు మాట్లాడాడు. ఏమన్నాడంటే అల్లుడుగారు 'బాగుందట' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇట్లా అయితే కుదరదు. నాకా చెవి మిషనేదో ఇప్పించండి."

మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఆరేళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డాను. నా మాట వినడానికి అక్కర్లేకపోయింది గానీ, ఎవడో పొగిడితే వినడానికి కావాలా నీకు?"

"పొగిడాడా? ఏమని?" అంది అత్తగారు.

మిషను పెట్టించుకుని వచ్చిన రోజు లిఫ్టు దిగి కారిడార్లో నాలుగడుగులు వేసి ఆవిడ ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరో వస్తున్నారు."

"ఎవరూ లేరత్తయ్యా."

మళ్ళీ రెండడుగులు వేసింది. కిందికి చూసుకుంది. "ఇది నా చప్పుడా? ఇంత ఈడుస్తానా నేను?" ఆ తర్వాత ఇల్లు చేరేదాకా పిల్లిలా మునివేళ్ళ మీద నడిచింది.

ఆ సాయంత్రం చాలాసేపు మనవరాలి పక్కన కూర్చుంది. అది చెవిలో ఏదో గుసగుసగా చెబుతుంటే ఇద్దరూ నవ్వుకున్నారు. మా ఆవిడ దిద్దుతున్న జవాబు పత్రాల మీంచి తలెత్తి వాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. అక్కడిదాకా బాగుంది. మర్నాడు స్టూడియోలో మొత్తం తలకిందులైంది. ఒక్క సీనే మిగిలింది, ముసలావిడ అవే మెట్లు దిగి రావడం. అత్తగారు ఒకడుగు వేసి దాన్ని విని, భయపడి రెండోది వేసేది. అది ఇంకా అధ్వాన్నంగా పడేది. "ఊఁ" అన్నాడు ఇంజనీరు. ఈసారి ఆవిడకు వినపడింది. మొహం వాడిపోయింది. ఆరుసార్లు "ఊఁ" అయ్యాక వచ్చి నా పక్కన కూలబడింది.

"తీసేస్తాను నాయనా ఈ మిషను. ఇది లేనప్పుడే నాకు నడక వచ్చేది."

తీసేయండి అనడం తేలిక. సీను పది నిమిషాల్లో అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. రాత్రి మనవరాలు చెవిలో ఏం చెప్పిందోగాని, ఆ నవ్వు గుర్తొచ్చి ఆగాను.

"ఉంచుకోండి. అలా బయటికి పదండి" అన్నాను.

స్టూడియో వెనక ఒక పొడుగాటి వరండా ఉంది. ఈసారి ఆవిడ మోచెయ్యి నేను పట్టుకున్నాను. ఆవిడ పాదాలు చూస్తూ, ఆవిడ కుడి పడినప్పుడు నా కుడి, ఎడమ పడినప్పుడు ఎడమ వేస్తూ నడిచాను. పడుతున్నది పడుతున్నట్టు చెప్పాను. "ఇప్పుడు కుడి కాలు మెత్తగా పడింది. ఇది కాస్త ఈడ్చింది, తెర మీద ఆవిడా అక్కడ ఈడుస్తుంది. ఇది గట్టిగా పడింది, చివరి మెట్టు కదా, పర్వాలేదు." రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి ఆవిడ మునివేళ్ళు వదిలి మడమ మీదికి వచ్చింది.

"మీదీ వినపడుతోంది నాకు" అంది ఉన్నట్టుండి.

"ఏంటి?"

"మీ ఎడమ కాలు."

రెండడుగులు వేసి అడిగాను, "ఎట్లా ఉంది?"

ఆవిడ తల కాస్త పక్కకు వంచి, ఇంకో రెండడుగులు విని చెప్పింది. "కొంచెం ఆలస్యంగా వస్తుంది. వస్తోందిగా."

లోపలికి వెళ్ళి ఆ సీను నడిచేసింది. రెండోసారికే ఇంజనీరు "సరే" అన్నాడు. అత్తగారు అద్దం వైపు తిరిగి, "కాస్త వివరంగా చెప్పండి" అంది. ఆయన జీవితంలో మొదటిసారి స్పీకర్లో పూర్తి వాక్యం ఒకటి మాట్లాడాడు. అది ఆవిడ ఇప్పటికీ వచ్చిన ప్రతివాళ్ళకూ అప్పజెబుతుంది, ప్రతిసారీ కాస్త పొడుగవుతోంది.

వానలు వెనకబట్టే రోజుల్లో పనిచేసిన వాళ్ళందరికీ సినిమా వేసి చూపించారు. నలుగురం వెళ్ళాం. చీకట్లో పెద్ద స్పీకర్లలోంచి ఆ అడుగులు మెట్లెక్కుతుంటే మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తగారు కదలకుండా చూసింది. చివర పేర్లు పైకి పోతుంటే నా పేరు కింద ఆవిడ పేరు వచ్చి, ఒక్క క్షణం ఉండి వెళ్ళింది.

"పైన ఎందుకు వెయ్యలేదు?" అంది ఆవిడ.

బయటికొచ్చేసరికి మళ్ళీ వాన అందుకుంది. రోడ్డుకు అవతల మా బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మా ఆవిడా అమ్మాయీ ఒక గొడుగులో ముందు దూకారు. "ఆపండి, ఆపండి" అంటూ అత్తగారు నా చెయ్యి పట్టి లాగింది. గుంటలూ బురదా ఏవీ చూసుకోకుండా బస్సందుకుని, ఎక్కి, సీట్లో పడ్డాం. అత్తగారు చెంగుతో తల తుడుచుకుంటూ, తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరుకి తను ఎక్కడి నుంచి వస్తున్నదీ చెప్పడం మొదలుపెట్టింది.

మా ఆవిడ నా వైపు చిత్రంగా చూస్తోంది.

"ఏంటి?" అన్నాను.

"పరిగెత్తారు."

"ఎవరు, మీ అమ్మా?"

"మీరు."

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. పాంటు మోకాళ్ళ దాకా బురద.

"ఎట్లా వినిపించింది?" అని అడిగాను.

"ఆ వానలో ఏం వినపడుతుందండీ" అంది మా ఆవిడ, "జరగండి, నేనూ కూర్చుంటా."